తూకం మీద చారెడు

తక్కువొస్తే ఎవరిని నిలదీయాలో స్టోరమ్మకి తెలుసు. ఎక్కువొస్తేనే ఎవరిని అడగాలో, అడిగితే ఏమని అడగాలో తెలియడం లేదు.

బడి వంటశాల వెనక తలుపు దగ్గర, సంచులు దించే అరుగు పక్కన కాటా ఉంది. దాని ముందు వంగి నిలబడి, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, ఎర్రగా వెలుగుతున్న అంకెల వంక చూస్తోంది ఆవిడ. క్యారెట్లు రాయించిన దానికన్నా ఎక్కువున్నాయి. చిక్కుళ్ళూ అంతే. పాలకూర సంగతి చెప్పనే అక్కర్లేదు. నిన్నా ఇదే వరస, మొన్నా ఇదే వరస.

"ఒకసారి దింపి మళ్ళీ పెట్టు బాబాయ్."

"ఇప్పటికి ఎన్నిసార్లు ఎక్కించానమ్మా? పాపం ఆ క్యారెట్లకి కళ్ళు తిరుగుతున్నాయి," అన్నాడు వంట బాబాయ్. అంటూనే సంచి దింపి మళ్ళీ పెట్టాడు. కాటా మాట మార్చలేదు.

ఆ వంటశాలలో ఎవరినీ పేరు పెట్టి పిలవరు. సరుకుల గది తాళాలు ఆవిడ దగ్గర ఉంటాయి కాబట్టి ఆవిడ స్టోరమ్మ. వంటాయన అందరికన్నా పెద్దవాడు కాబట్టి ఒకటో తరగతి పిల్లల దగ్గర్నుంచి హెడ్మిస్ట్రెస్ దాకా అందరికీ బాబాయే.

కాటా పాడైందేమోనని మొదట అనుమానం వచ్చింది. బాగుచేసేవాడిని పిలిపించింది. అతను ఇనప గుళ్ళు పెట్టి చూసి, దీనికేం రోగం లేదండీ అని చెప్పి వెళ్ళిపోయాడు. అయినా నమ్మకం కుదరక, ఎవరూ లేనప్పుడు తనే ఎక్కి నిలబడింది. కాటా ఒక బరువు చెప్పింది. అది నిజమే అయ్యుండాలి, ఎందుకంటే ఆవిడకి అది ఏమాత్రం నచ్చలేదు.

పోయినేడాది దాకా ఈ గొడవ లేదు. అప్పుడు బడికి తిండి లారీలో వచ్చేది. ఊరవతల ఒక పెద్ద కంపెనీ కూరలు తరిగి, గడ్డకట్టించి, అట్టపెట్టెల్లో పంపేది. పెట్టె మీద ఎంత రాసుంటే లోపల అంతే. ఆ ముక్కల్ని ఎంత ఉడికించినా రంగు మాత్రం చెక్కు చెదిరేది కాదు. రుచే ఏ నీళ్ళలో కలిసిపోయేదో అంతుపట్టేది కాదు. పిల్లలు ఆ ముక్కల్ని పళ్ళెం అంచుకి నెట్టి, మధ్యలోది తిని లేచిపోయేవాళ్ళు. పిల్లలకి రక్తం చాలడం లేదని ఆరోగ్య శాఖ నర్సు మొత్తుకోగా మొత్తుకోగా పైవాళ్ళు ఒక నిర్ణయం తీసుకున్నారు. ఏ బడికి దగ్గర్లో ఏ బజారుంటే ఆ బడి అక్కడే తాజాగా కొనాలి. ఏడాదిపాటు చూస్తారు. తనిఖీలో అంతా సవ్యంగా ఉంటే బజారు ఉంటుంది, లేదంటే మళ్ళీ లారీ వస్తుంది.

బడి వెనక సందులోనే కూరగాయల బజారు. అక్కడ ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి ఒప్పించింది స్టోరమ్మే. ప్రభుత్వంతో బేరమంటే వాళ్ళు మొదట ఆమడ దూరం జరిగారు. "నేనున్నాగా పిన్నీ," అని ఆకుకూరల పిన్ని భుజం మీద చెయ్యేసి చెప్పింది. ఆ మాట పట్టుకునే పిన్ని ఊరి చివర ఇంకో మడి కౌలుకి తీసుకుని నిండా పాలకూర చల్లింది. ఇప్పుడు బడి వద్దంటే అంత కూర ఆ సందులో కొనే నాథుడు లేడు. ఆ మడి తలుచుకున్నప్పుడల్లా స్టోరమ్మకి భుజం మీద చెయ్యేసి తను ఇచ్చిన మాటే గుర్తొస్తుంది.

తనిఖీ సార్ మొదటిసారి వచ్చినప్పుడు ఈ ఎక్కువ దగ్గరే ఆగిపోయాడు. సన్నగా, నిదానంగా, ఎవరినీ కసురుకోని మనిషి.

"మేడమ్, తక్కువొస్తే దొంగతనం అంటాం. ఎక్కువొస్తే ఏమంటారో నాకూ ఇంకా తెలీదు. కానీ మంచిదని మాత్రం అనరు," అన్నాడు.

"ఎవరూ ఏమీ ఆశించి ఇస్తున్నట్టు లేదండీ."

"ఏమీ ఆశించకుండా సరుకు ఎందుకిస్తారు చెప్పండి? అమ్మేవాళ్ళ దగ్గర మనం ఊరికే ఏదీ పుచ్చుకోకూడదు. అది పెద్ద నియమం. మళ్ళీ వచ్చేసరికి ఇదేమిటో తేల్చండి. తేలకపోతే బజారు సంగతి నేనేం చెయ్యలేను."

తేల్చమంటే ఎలా తేలుతుంది? ఆ సాయంత్రం ఇంట్లో టమాటాలు తరుగుతూ కూడా ఆవిడ అదే ఆలోచిస్తోంది. ఇంతలో అత్తగారు బజారు నుంచి వచ్చింది. సంచి బల్ల మీద పెట్టి, యుద్ధం గెలిచి వచ్చినట్టు కుర్చీలో కూలబడింది.

"ఇవాళ ఆ ఆకుకూరల దాని దగ్గర మామూలుగా కాదు, కొసరుకి కొత్తిమీర కట్టతో పాటు గుప్పెడు పచ్చిమిరపకాయలు కూడా రాబట్టా."

స్టోరమ్మ చేతిలో కత్తి ఆగిపోయింది. "కొసరా!"

"ఏంటే ఆ అరుపు? వేలు తెగిందా?"

"కొసరు అత్తయ్యా! అది కొసరు!"

"కొసరు కాక మరి ఊరికే ఇచ్చారనుకున్నావా? నోరు నొప్పెట్టేదాకా అడిగితే ఇచ్చింది."

పక్క గదిలో బస్సు డ్రైవరు యూనిఫాం విప్పుకుంటున్న భర్త తల బయటికి పెట్టాడు. "అమ్మా, నీ కోడలికి ఇన్నేళ్ళకి కొసరంటే తెలిసింది. స్వీటు తెమ్మంటావా?"

రోజూ ఇంటి ముందు నుంచి పోయే మనిషి ఎక్కడో ఆఫీసులో టై కట్టుకుని ఎదురైతే గుర్తుపట్టలేం కదా, అలా అయింది ఆవిడ పని. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ కొసరు పుచ్చుకుంటూనే ఉంది. తూకం అయ్యాక, ముల్లు నిలబడ్డాక, అమ్మే మనిషి చేతికందినంత తీసి సంచిలో పడేస్తే అదే కొసరు. అది తెలియనివాళ్ళు ఎవరు? కానీ తాళాలగుత్తి చేతిలో పెట్టుకుని ప్రభుత్వం కాటా ముందు నిలబడేసరికి, అదే చారెడు ఆవిడకి నేరంలా కనబడింది.

మర్నాడు పొద్దున్నే సందులోకి వెళ్ళింది. పిన్ని గోనెపట్టా మీద కట్టలు పేర్చి నీళ్ళు చిలకరిస్తోంది. పక్కన దుంపల అన్న తన బండి చక్రానికి రాయి అడ్డం పెడుతున్నాడు.

"పిన్నీ, బడికి కొసరు వేస్తున్నావా?"

"వెయ్యకపోతే?"

"అంత పెద్ద తూకానికి కూడానా?"

"పెద్ద తూకానికి పెద్ద కొసరు. చిన్నదేస్తే బాగుంటుందా?"

"ఎవరు వెయ్యమన్నారు?"

పిన్ని నీళ్ళచెంబు కిందపెట్టి ఆవిడ మొహంలోకి చూసింది. "ఒకరు వెయ్యమంటే అది కొసరెలా అవుతుంది? మీ అత్తగారు పీకల మీద కూచుని లాక్కుంటుందనుకో, ఆవిడ సంగతి వేరు."

"అందరూ వేస్తున్నారా?"

"నేనైతే దుంపల్లో పెద్దవి చూసి వేస్తున్నా," అన్నాడు దుంపల అన్న ఎవరో మెచ్చుకున్నట్టు.

స్టోరమ్మ తనిఖీ సార్ చెప్పిందంతా చెప్పింది. ఎక్కువొచ్చింది వెనక్కి పంపిస్తానంది. ఇచ్చింది తిరిగి పుచ్చుకోవడం మా ఇంటావంటా లేదంది పిన్ని. పోనీ దానికీ వెల కట్టిస్తానంది. దుంపల అన్న నోరు తెరిచి, ఆ మాట విననట్టు అటు తిరిగిపోయాడు. ఇక మిగిలింది ఒక్కటే దారి.

"అయితే ఆపెయ్యండి. తూకం ఎంతో అంతే. ఒక్క ఆకు ఎక్కువ రాకూడదు."

"ఆపుతాం, దానిదేముంది," అంది పిన్ని. "ఉండు, నీ ఎదురుగానే తూచేస్తా."

తక్కెడలో కట్టలు వేసింది. ముల్లు సరిగ్గా నిలబడింది. సంచిలో దింపింది. ఆ వెంటనే పిన్ని కుడిచెయ్యి, ఎవరూ పిలవకుండానే, కుప్ప దగ్గరికి వెళ్ళి రెండు కట్టలు తీసి సంచిలో పడేసింది.

"పిన్నీ!"

"అయ్యో, వేశానా?" తీసి పక్కన పెట్టింది. మళ్ళీ తూచింది. మళ్ళీ చెయ్యి వెళ్ళింది. ఈసారి తనే నవ్వింది. "చూశావా, ఇది నా మాట వినదు. నలభై ఏళ్ళుగా అలవాటు పడ్డ చెయ్యి, ఇవాళ నువ్వొచ్చి మానెయ్యమంటే దానికి అర్థం కావద్దూ?"

"నన్ను చూసి నేర్చుకో అక్కా," అని దుంపల అన్న కుడిచెయ్యి వీపు వెనక పెట్టుకుని తూచాడు. తూకం అవగానే ఎడంచెయ్యి వెళ్ళింది. సందంతా నవ్వింది. స్టోరమ్మకీ నవ్వొచ్చింది కానీ మడి గుర్తొచ్చి మింగేసింది.

"నవ్వులాట కాదు పిన్నీ. ఆపకపోతే బజారు తీసేసి లారీ పెడతారు. నీ మడి ఏం చేస్తావు?"

అప్పుడాగింది నవ్వు. పిన్ని చేతులు పట్టాకి తుడుచుకుని, ఎక్కువైన కట్టలు మళ్ళీ కుప్పలో పెట్టింది. తర్వాత, "సరేనమ్మా. వద్దన్నవాళ్ళకి ఎవరేస్తారు? తూకానికి తూకం," అంది. ఆ 'సరే'లో ఏదో తలుపు మూసుకున్నట్టు వినిపించింది స్టోరమ్మకి. కానీ పనైంది కదా, సరిపెట్టుకుంది.

మర్నాటి నుంచి కాటా మీద అంకెలు అద్దంలా ఉన్నాయి. ఎంత రాయిస్తే అంత. ఆవిడ గుండెల మీద నుంచి బండ దింపినట్టయింది. ఆ తేలిక మొదటి పూట కూడా నిలవలేదు.

"ఇదేం కూరమ్మా?" అని వంట బాబాయ్ పాలకూర కట్ట ఒకటి ఎత్తి చూపించాడు. వేళ్ళకి తడిమట్టి ముద్దలుగా అంటుకుని ఉంది. మధ్యలో పసుపాకులు. "కడిగి, వేళ్ళు కోసి, ఏరేసరికి ఇందులో మిగిలేదెంత?"

ఆవిడ సందులోకి పరిగెత్తింది. "పిన్నీ, కట్టలు ఏరలేదేం?"

"తూకం సరిపోయిందా?"

"సరిపోయింది."

"మరింకేం?" అంది పిన్ని, ఇంకొకరికి కొత్తిమీర ఇస్తూ. ఆ కొత్తిమీరలో ఒక్క పసుపాకు లేదు.

కోపంగా ఉందా అంటే లేదు. వెటకారమా అంటే అదీ కాదు. దారిన పోయేవాడు టైమెంతయింది అంటే చెప్పినట్టు చెప్పింది, అంతే. తన మాట పిన్నికి ఎక్కడ తగిలిందో స్టోరమ్మకి అర్థం కాలేదు. తను ఆపమన్నది ఆ చారెడు ఒక్కటే. దాంతో పాటు ఇదంతా ఎందుకు పోయింది? పిన్ని పంపేది పాడు సరుకు కాదు, మోసమూ కాదు. పొలంలో నుంచి ఎలా వచ్చిందో అలా తూచి ఇచ్చింది. ఏరి ఇమ్మని ఏ కాగితంలోనూ లేదు. లేనిదాన్ని అడగడానికి నోరెలా వస్తుంది?

మధ్యాహ్నం భోజనాల దగ్గర అసలు సంగతి బయటపడింది. ఈ నెలల్లో పిల్లలకి కొత్త అలవాటయింది, ఒకసారి తిన్నాక పళ్ళెం పట్టుకుని మళ్ళీ రావడం. గడ్డకట్టిన ముక్కల రోజుల్లో ఎవరూ ఆ పని చెయ్యలేదు. ఆ రెండో వడ్డనంతా కొసరులోంచే వస్తోందని స్టోరమ్మకి అప్పటిదాకా తట్టలేదు. బాబాయ్ గుండిగలో గరిట తిప్పితే గీరిన చప్పుడు తప్ప ఏమీ రాలేదు.

"అయిపోయింది తల్లీ," అన్నాడు ఎదురుగా నిలబడ్డ రెండు జడల పిల్లతో.

"నిన్న ఉందిగా?"

"నిన్న ఉంది."

"మరి ఇవాళ ఎందుకు లేదు?"

బాబాయ్ స్టోరమ్మ వైపు చూశాడు. ఆ పిల్లా చూసింది. అంతా సరిగ్గా ఉంది కాబట్టి లేదని చెప్పాలి. అలా చెబితే తనకే అర్థం కాదు, పసిపిల్లకేం అర్థమవుతుంది? "రేపు చూద్దాంలే," అంది. ఆ పిల్ల పళ్ళెంలోకి ఒకసారి, ఆవిడ మొహంలోకి ఒకసారి చూసి వెళ్ళిపోయింది.

ఇంటికి వెళ్తే అక్కడ ఇంకో పిడుగు. అత్తగారు సంచి దులిపి చూపిస్తోంది.

"చూడు! ఒక్క రెమ్మ లేదు! ఎంత అడిగినా 'మీ ఇంటివాళ్ళకి కొసరు గిట్టదటగా' అంటుంది ఆ ఆకుకూరలది. అందరి ముందూ! ఏం చెప్పావే దానికి?"

"బడికి వద్దన్నాను అత్తయ్యా, మనింటికి కాదు."

"దానికి బడి వేరు, నువ్వు వేరా? నా ముప్పై ఏళ్ళ పరువు ఒక్క పూటలో గంగలో కలిపావు కదే!"

"ఊరుకో అమ్మా," అన్నాడు భర్త. "ఇవాళ్టి నుంచి మన ఇంట్లో కూడా తూకానికి తూకం. నాకు వడ్డించేటప్పుడు కూడా కాటా పెడుతుందేమో."

అందరూ నవ్వారు, అత్తగారు తప్ప. స్టోరమ్మ నవ్వుతూనే గిన్నెలోంచి అతని పళ్ళెంలోకి కూర వేసింది. అతను చాలన్నాక ఇంకో గరిటె వేసింది. వేశాక గరిటె వంక చూసుకుంది. ఎవరడిగారని వేసినట్టు? ఏం ఆశించి? రాత్రి పడుకున్నా ఆ ప్రశ్న వదల్లేదు. జవాబు దొరికి ఉంటే తనిఖీ సార్ కి అదే చెప్పి ఉండేది.

తనిఖీ సార్ చెప్పిన రోజుకే వచ్చాడు. అన్ని సంచులూ తన ఎదురుగా తూయించాడు. ఒక్కటీ అటూ ఇటూ కాలేదు. అతని మొహం విచ్చుకుంది.

"బాగుంది మేడమ్. ఇంతకీ ఏమిటది?"

"కొసరండీ. బజారువాళ్ళు తూకం మీద వేసేది. ఆపించేశాను."

"ఓ, కొసరా!" అని తల పంకించాడు. "నాకు తట్టనే లేదు చూశారా. సరే, మంచి పని చేశారు. ఇక బజారే కొనసాగించమని రాసేస్తాను."

ఇన్నాళ్ళూ ఎదురు చూసింది ఆ మాట కోసమే. పిన్ని మడి నిలబడింది, తన మాట నిలబడింది. చేతులు జోడించి ఊరుకుంటే సరిపోయేది. కానీ ఆవిడ నోట్లోంచి వేరే మాటొచ్చింది.

"భోజనాలు కూడా చూసి వెళ్ళండి."

ఎందుకన్నదో ఆవిడకే తెలీదు. అతను కూర్చుని చూశాడు. మొదటి వడ్డన అయింది. పిల్లలు పళ్ళేలు పట్టుకుని మళ్ళీ వచ్చారు. గుండిగలో గరిట గీరింది. వచ్చినవాళ్ళు వచ్చినట్టే వెనక్కి తిరిగారు.

"కొలత ప్రకారమే వండారు కదా?"

"కొలత ప్రకారమేనండీ. కానీ కొలతలో వేళ్ళున్నాయి, మట్టి ఉంది, పసుపాకులున్నాయి."

అతని చేతిలో పెన్ను లేచింది. "అయితే నాసిరకం సరుకు ఇస్తున్నారని రాయాలి."

"వద్దు, వద్దండీ!" ఆవిడ పెన్నుకి చెయ్యి అడ్డం పెట్టింది. "నాసిరకం కాదు. ఇది మామూలు సరుకే. ఇదివరకిచ్చింది మామూలుకన్నా మంచిది."

"మరి ఇప్పుడెందుకు ఇవ్వడం లేదు?"

"కొసరు వద్దన్నాను కాబట్టి."

"కొసరు వద్దంటే మట్టి దులపడం ఎందుకు మానేస్తారు?"

"అదే తెలియడం లేదండీ."

అతను పెన్ను మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు. "మేడమ్, అంకెలు తప్పుగా ఉన్నప్పుడు పిల్లలు కడుపునిండా తిన్నారంటారు. అంకెలు సరిగ్గా ఉంటే గుండిగ ఖాళీ అంటారు. నన్నేం రాయమంటారు?"

"తెలిస్తే చెప్పనా?" అంది ఆవిడ. అనేశాక, పై అధికారితో అనే మాటేనా ఇది అని నాలుక కరుచుకుంది.

అతనికి కోపం రాలేదు. లేచాడు. "ఆ బజారు చూపించండి. మీరు మలుపులోనే ఉండండి. నేను ఊరికే కొనేవాడిలా వెళ్తాను."

మలుపులో పాత సైకిళ్ళ దుకాణం నీడన నిలబడి చూసింది స్టోరమ్మ. అతను పిన్ని పట్టా ముందు గొంతుక్కూర్చుని రెండు కట్టలు ముట్టుకుని చూశాడు. పిన్ని ఏదో అంది, అతను నవ్వాడు. పిన్ని కట్టలు విప్పి, పసుపాకులు ఏరేసి, వేళ్ళకున్న మట్టి విదిలించి తూచింది. డబ్బిచ్చి అతను లేచాడు. పిన్ని "ఇదిగో, ఆగు బాబూ" అని చెయ్యి చాపింది. అతను వెనక్కి తిరిగి సంచి మూతి విప్పి పట్టుకున్నాడు. చారెడు మెంతికూర అందులో పడింది. ఇంత జరగడానికి కన్నుమూసి తెరిచినంత సేపు కూడా పట్టలేదు.

నాలుగడుగులు వేశాక అతని నడక నెమ్మదించింది. ఆగాడు. సంచిలోకి చూశాడు. మలుపు దగ్గరికి వచ్చేసరికి మొహం పాలిపోయి ఉంది.

"పుచ్చుకున్నాను," అన్నాడు.

"చూశానండీ."

"నేను అడగలేదు. సంచి... నా చెయ్యే తెరిచింది."

"వాళ్ళ చేతులూ అంతేనట."

అతను అటూ ఇటూ చూసి, గిరుక్కున తిరిగి మళ్ళీ పిన్ని దగ్గరికి నడిచాడు. ఈసారి స్టోరమ్మ కూడా వెనకే వెళ్ళింది.

"అమ్మా, ఇది తీసేసుకోండి."

"ఏం, బాలేదా?"

"బాగుంది."

"మరేం రోగం?"

"నేను బడి తనిఖీకి వచ్చినవాణ్ణి."

దుంపల అన్న చేతిలో ఉన్న దుంపని అలాగే పట్టుకుని నిలబడ్డాడు. పిన్ని స్టోరమ్మని చూసింది, అతన్ని చూసింది, మెంతికూర వంక మాత్రం చూడలేదు.

"తూకానికి తూకం ఇస్తున్నాంగా. ఇంకేం కావాలి?"

"బడికి తూకానికి తూకం. నాకు మాత్రం ఏరి, దులిపి, పైన ఇదీ వేశారు. ఎందుకు?"

"నువ్వు మనిషివి కాబట్టి," అంది పిన్ని. "బడిని కూడా మనిషే అనుకుని వేశాం. కాదని చెప్పారు. మనిషి కాని దానికి తూచడం తప్ప ఇంకేం చేస్తాం?"

ఆ మాటకి స్టోరమ్మ చెవులు వేడెక్కాయి. తను చెప్పింది అది కాదు. ఆ మాటలే అనలేదు. కానీ వాళ్ళకి వినపడింది అదేనేమో. అదే అయితే దాన్ని ఎక్కడ నుంచి సరిదిద్దడం?

తనిఖీ సార్ పిన్ని తక్కెడ వంక చూశాడు. "తూకం ఎక్కడ వేస్తారు మేడమ్?"

"ఇక్కడొకసారి. వంటశాల దగ్గర ఒకసారి."

"బేరం జరిగేది ఇక్కడ కదా. ఇక్కడ వేసిందే తూకం, అదే రాయండి. అక్కడి కాటా తక్కువ రాకుండా చూసుకోవడానికి మాత్రం ఉంచండి."

"నియమంలో అలా ఉందాండీ?"

"అలా లేదని కూడా లేదు." తన మాట తనకే నచ్చనట్టు తల గోక్కున్నాడు. "బజారే ఉండనివ్వమని రాస్తాను. పైవాళ్ళు అడిగితే ఇద్దరం వెళ్ళి చెబుదాం."

"ఏమని?"

అతను సంచి ఒకసారి ఎత్తి చూసుకుని, తిరిగి ఇవ్వనూ లేక, పట్టుకెళ్ళనూ లేక, చివరికి బాబాయ్ గుండిగలో వెయ్యమని ఆ చారెడూ స్టోరమ్మ చేతిలో పోసి వెళ్ళిపోయాడు.

బజారు నిలబడింది. స్టోరమ్మకి సంతోషంగానే ఉండాలి. కానీ ఆ రోజంతా ఒకటే గుంజాటన. ఇవాళ చారెడు మెంతికూర పిల్లల గుండిగలో పడింది. రేపెవడైనా బుట్టెడు పళ్ళు తన ఇంటి గుమ్మంలో పెట్టి, ఇదీ కొసరే అంటే? రెండింటికీ మధ్య గీత ఎక్కడ గియ్యాలి? తనకి తెలుస్తుందనే అనుకుంటుంది. కానీ కాటా ముందు నిలబడి కొసరునే పోల్చుకోలేని మనిషి తను. అదీగాక, ఇంకో చిక్కుంది. ఆపమని చెప్పగలిగింది కానీ, మళ్ళీ వెయ్యమని ఎలా చెబుతుంది? ఒకరు వెయ్యమంటే అది కొసరు కాదని పిన్నే అంది కదా.

మర్నాడు పొద్దున సంచి మొయ్యడానికి వచ్చిన వంట బాబాయ్ ని వెనక ఉంచి, తనే ముందుకెళ్ళి పట్టా దగ్గర నిలబడింది. ఏదో అనాలి. ఏమనాలో దారి పొడుగునా కూడబలుక్కుంది, ఒక్కటీ నాలుక మీదికి రాలేదు.

"మంచు పడింది రాత్రి," అంది చివరికి.

"పడింది," అంది పిన్ని.

కట్టలు తక్కెడలో పడ్డాయి. ముల్లు అటూ ఇటూ ఊగి నిలబడింది. ఎంతో స్టోరమ్మ రాసుకుంది. పిన్ని సంచిలో దింపింది. సంచి మూతి ఇంకా తెరిచే ఉంది. పిన్ని చేతులు ఒళ్ళో ఉన్నాయి, కదల్లేదు. స్టోరమ్మ కళ్ళు ఆ చేతుల మీదే ఉండిపోయాయి.

"ఏంటలా గుడ్లప్పగించి చూస్తావు?" అంది పిన్ని.

"ఏం లేదు పిన్నీ."

"నువ్వలా కాపలా పోలీసులా చూస్తుంటే నా పని నేను చేసుకోలేను. అటు తిరుగు."

"ఎటు?"

"ఎటైనా. ఆ సైకిళ్ళ దుకాణం వైపు చూడు."

స్టోరమ్మ తిరిగింది. దుకాణంవాడు ట్యూబుని నీళ్ళ తొట్టిలో ముంచి, బుడగ ఎక్కడొస్తుందా అని వెతుకుతున్నాడు. ఆవిడ శ్రద్ధగా ఆ బుడగల వంకే చూసింది. వెనక ఆకులు గలగలమన్నాయి, తడివేళ్ళు విదిలించిన చప్పుడైంది, వంట బాబాయ్ ఎందుకో దగ్గాడు. నవ్వాలో, వద్దని మళ్ళీ చెప్పాలో, ఇప్పుడిక తిరగొచ్చో లేదో తెలియక, ఆవిడ అలాగే నిలబడింది.